మూడో మెట్టు

“ఈ రోజుతో ఆ డెలివరీ పని మానెయ్. మానకూడదంటావా, ఒక్క కారణం చెప్పు,” అన్నాడు మా ఆయన, ఆదివారం పొద్దున నేను గిన్నెలు తోముతుండగా. ఆయన ఉద్యోగం పోయినప్పుడు మొదలుపెట్టిన పని ఇది. అప్పుడు తన బండి తాళం నా చేతిలో పెట్టి “నువ్వే నా ధైర్యం” అన్నాడు. మళ్ళీ ఉద్యోగం వచ్చాక ఆ ధైర్యమే ఆయనకి నామోషీ అయింది. “ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు,” అంది అత్తయ్య సోఫాలోంచి. “ఊరందరికీ భోజనాలు మోస్తుంది, మన పొయ్యి మాత్రం వెలగదు.” ఆ మాట అనేటప్పుడు పొయ్యి మీద ఆవిడ పాలే కాగుతున్నాయి.

కారణం నాకు నిజంగానే తెలియదు. ఈ పనిలో సుఖముందా అంటే లేదు. పెద్ద అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ లిఫ్టు ఎక్కనివ్వడు. హోటళ్ళలో పార్సిల్ చేతికొచ్చేదాకా కూర్చోమనే దిక్కుండదు. హెల్మెట్ లోపల తల ఉడికిపోతుంది. అయినా మానెయ్ అనగానే మానాలనిపించలేదు. డబ్బు కోసమా? ఆయన జీతం సరిపోతుంది. ఇంట్లోంచి పారిపోవడానికా? సాయంత్రం కాగానే ఈ ఇంటికే కదా వస్తున్నాను. ఆ ఆలోచనల్లో పడి, వంట చేసి మూతపెట్టి రావాల్సినదాన్ని వండకుండానే పనికి వచ్చేశాను.

మధ్యాహ్నం హోటల్లో పార్సిల్ అందుకుని చిరునామా చూస్తే మా ఇల్లే. కస్టమర్ మా ఆయనే. ముందు నవ్వొచ్చింది. తెచ్చేది ఎవరో ఆయన ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది, కానీ తెచ్చేవాళ్ళ పేరు ఎవరు చూస్తారు? చిరునామా కింద డెలివరీ మనిషి కోసం ఆయన రాసిన మాటలున్నాయి. “మూడో మెట్టు విరిగింది. మెట్ల మీద వెలుతురు లేదు. నెమ్మదిగా రండి, తొందరేం లేదు.”

మొన్న వానల్లో నా కాలు మడతపడింది ఆ మెట్టు మీదే. “కళ్ళెక్కడ పెట్టుకు నడుస్తావ్?” అన్నాడు. బాగు చేయించమని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. చెప్పినప్పుడల్లా “ఏ మెట్టు?” అనేవాడు. ఏ మెట్టో తెలుసన్నమాట. పడతారని తెలుసు. మెత్తగా మాట్లాడటమూ తెలుసు. సిగ్నల్ దగ్గర ఆగి ఆ మాటలు మళ్ళీ చదివాను. ఆయన మంచివాడని సంతోషించాలా, ఆ మంచితనం నా దాకా రాలేదని ఏడవాలా తెలియలేదు. ఆయన ‘రండి’ అని పిలిచిన ఆ ముక్కూ మొహం తెలియని మనిషి మీద అసూయ పుట్టింది. ఆ మనిషిని నేనే. నన్ను చూసి నేనే కుళ్ళుకోవడమేమిటి? వెనక వాళ్ళు హారన్లు కొడుతుంటే కదిలాను.

విరిగిన మెట్టు దాటి పైకెక్కాను. నా జేబులో ఇంటి తాళంచెవి ఉంది. తలుపు తీసుకుని లోపలికెళ్తే ఆయన భార్యని. బెల్లు కొడితే ఎవర్ని? చెయ్యి జేబు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. బెల్లు కొట్టాను.

ఆయన తలుపు తీశాడు. చూపు పార్సిల్ మీదే ఉంది. హెల్మెట్టూ, దుమ్ముకని ముక్కు మీదుగా కట్టుకున్న గుడ్డా నా మొహాన్ని దాచేశాయి.

“అయ్యో, పాపం ఇన్ని మెట్లెక్కించాం, ఏమనుకోకండి. మంచినీళ్ళు తాగుతారా?”

“ఓటీపీ చెప్పండి,” అన్నాను. కస్టమర్లనైనా, ఆయన్నైనా ‘మీరు’ అనే అంటాను కాబట్టి మాట తడబడలేదు.

గొంతు గుర్తుపట్టి పెద్దగా నవ్వాడు. “ఓర్నీ, నువ్వా! ముందే చెప్పొద్దూ? రా రా, త్వరగా వడ్డించు, అమ్మ ఆకలికి ఆగలేకపోతోంది.”

“నీళ్ళు?” అన్నాను.

“వంటింట్లో ఉన్నాయిగా. వచ్చేటప్పుడు నాకూ ఓ గ్లాసు పట్రా.”

ఆయన మొహంలో కోపం లేదు, వెటకారమూ లేదు. నీళ్ళు తాగుతారా అని అడిగింది నిజం, పట్రా అన్నదీ అంతే నిజం. మధ్యలో మారింది నా మొహం ఒక్కటే. పొద్దుట్నుంచీ దొరకని కారణం అప్పుడు దొరికింది.

“నేను మానను,” అన్నాను.

“ఏంటీ?”

“డెలివరీ పని. మానను.”

“ఇప్పుడా ఆ గొడవ? ముందు లోపలికి రా.”

“ముందు ఆ మంచినీళ్ళివ్వండి,” అన్నాను, గడప దాటకుండా.