చేతిలో ఏడు కిలోలు

ఛత్తీస్‌గఢ్ ఇనపగనుల ఊరు కిరండూల్‌లో, రైల్వే పార్సిల్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు సామాను తూచాను. రిటైరయ్యాక కూడా ఇక్కడి తెలుగువాళ్ళు దూరప్రయాణం పెట్టుకుంటే పెట్టెలు నా దగ్గరికే తెస్తారు. ఇప్పుడున్న క్లర్కు కాటా నాకు అప్పగించి టీ తాగడానికి పోతాడు. బరువు దగ్గర నేను అబద్ధం చెప్పనని అందరికీ తెలుసు.

ఒక ఏడు మార్చిలో నా తోడల్లుడు ఏలియా, వాడి భార్య గురమ్మ రెండు పెద్ద పెట్టెలు, రెండు చేతిసంచులు ఆటోలో వేసుకొని వచ్చారు. పాస్టరు గారి గుంపుతో యెరూషలేము యాత్రకు పోతున్నారు. విశాఖపట్నం దాకా మన రైలు, అక్కణ్ణుంచి బొంబాయి రైలు, ఆపైన విమానం.

గురమ్మ నా భార్య కన్నమ్మకు చెల్లెలు. కన్నమ్మ పోయి అప్పటికి మూడేళ్ళయింది. ఏలియా కొండ మీద గనిలో షవెల్ నడిపి రిటైరయ్యాడు. షవెల్ అంటే ఇనపరాతిని ఎత్తి డంపర్లలో పోసే యంత్రం. అద్దాల గదిలో కూర్చుని హ్యాండిళ్ళు లాగడమే పని. నేను ఎండలో మూటలు ఎత్తిన రోజుల్లో వాడు ఫ్యాను కింద కూర్చుని కొండను తవ్వాడు. ఇద్దరం ఒకే ఇంటి ఆడపిల్లలను చేసుకున్నాం. బంధువుల పెళ్ళిళ్ళలో వాడికి ముందు వరసలో కుర్చీ వేసేవారు. నన్ను ఎప్పుడొచ్చావని అడిగేవారు. అదంతా ఓర్చుకున్నాను. వాడి భార్య బతికి ఉండడం ఓర్చుకోలేకపోయాను.

పెద్ద పెట్టె ఇరవై మూడు కిలోలు దాటకూడదనీ, చేతిసంచి ఏడు దాటకూడదనీ పాస్టరు గారు చీటీ రాసి ఇచ్చారట. మొదటి పెట్టె కాటా మీద పెట్టాను. ఇరవై ఎనిమిది. తెరిపించాను. మురుకులు, సున్నుండలు, ఆవకాయ జాడీ, ఆరు కోకలు, అడుగున ఇస్త్రీపెట్టె. ఇదెందుకని అడిగాను. ప్రభువు నడిచిన వీధుల్లో నలిగిన కోకతో నడవలేనంది గురమ్మ.

మొగుడూ పెళ్ళాలకు ఒక విషయంలో పడలేదు. ఏలియా అన్నీ పెద్ద పెట్టెల్లో పడేసి, విమానం వాళ్ళకు అప్పగించి, ఉత్త చేతులతో ఎక్కుదామంటాడు. గురమ్మ ముఖ్యమైనది ఒక్కటీ అప్పగించనంటుంది. పోయినసారి గుంపుతో వెళ్ళిన చిన్నమ్మి పెట్టె ఇంకో దేశం పోయి నాలుగో రోజుకు దొరికిందట.

"పెట్టి పోతే ఎలగ బావా? పెబువు ఊర్లో పది దినాలు ఈ ఒక్క కోకతోటే తిరగాలా?"

"పెబువుకీ ఒక్క అంగీయే ఉండీది," అన్నాడు ఏలియా.

"ఆయనికి నీలాటి మొగుడు లేడు. నువ్వూరుకో."

వాళ్ళు అలా కీచులాడుకుంటుంటే నేను కాటా ముల్లు చూస్తూ నిలబడ్డాను. నా పెట్టెలో ఏం పెట్టాలో నాతో వాదించే మనిషి లేదు. నాకు పెట్టె సర్దే పనీ లేదు.

రైల్వే పద్ధతి నాకు తెలుసు. సామాను వేసే బ్రేక్ వ్యానులో బుక్ చేసినదానికి సీలు ఉంటుంది, రసీదు ఉంటుంది. చేతిలో పట్టుకున్నది కన్ను మూస్తే పోతుంది. విలువైనది బుక్ చెయ్యి, చవకది చేత్తో పట్టుకో అని ఎందరికి చెప్పానో లెక్క లేదు. ఆ రోజూ అదే చెప్పాను. ఏలియా మురిసిపోయాడు. గురమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది.

అప్పుడు అసలు మాట బయటపెట్టింది.

కన్నమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు గురమ్మ చెయ్యి పట్టుకుని ఒకటి అడిగిందట. ఎప్పటికైనా నువ్వు ప్రభువు బాప్తిస్మం తీసుకున్న యొర్దాను నదికి వెళితే నా సమాధి మీది మన్ను గుప్పెడు తీసుకెళ్ళి అందులో కలుపు అని. ఆ మాట అన్నప్పుడు ఏలియా కూడా మంచం పక్కనే ఉన్నాడట.

నేను లేను. మందులకో, పాలకో వెళ్ళి ఉంటాను. తిరిగి వచ్చాక కూడా నాతో అనలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి చివరి కోరిక నా తోడల్లుడికి తెలుసు. నాకు తెలియదు.

ఎందుకు అనలేదో ఊహించగలను. పాస్టరు గారు మొదటి గుంపును తీసుకెళ్ళిన ఏడాది మనమూ వెళదామా అని కన్నమ్మ అడిగింది. నీళ్ళు ఎక్కడైనా నీళ్ళే అన్నాను. దంతెవాడ దగ్గర ఏట్లో బాప్తిస్మం తీసుకున్నావు, అది చాలలేదా అన్నాను. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

మా చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. భార్యను దించిన గోతిలో మొదటి మన్ను మొగుడు వేస్తాడు. ఆ తరవాత మొగుడు బతికున్నంత కాలం ఆ సమాధి మీద ఇంకొకరు చెయ్యి పెట్టరు. గడ్డి పీకాలన్నా అతనే పీకాలి. అందుకని గురమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆ పద్ధతే లేకపోతే నాకు చెప్పేవారు కూడా కాదు.

మన్ను పెద్ద పెట్టెలో అడుగున పెట్టేద్దామన్నాడు ఏలియా. చేతిసంచిలో పెడితే చెకింగులో తీయిస్తారు, ఇదేమిటని అడిగితే ఇంగ్లీషులో చెప్పుకోలేను, గుంపు మొత్తం ముందు నన్ను విడిగా నిలబెడతారు అన్నాడు. వాడు భయపడడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. కొండంత యంత్రాన్ని నడిపినవాడికి అదీ భయం.

సామాను లోపలికి చూసే యంత్రం నేనూ ఎరుగుదును. కన్నమ్మను విశాఖపట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు స్టేషన్లో మా సంచి అందులోంచి పోయింది. తెర మీద బట్టలు పొగలా కనిపించాయి. ఇనప అట్లకాడ మాత్రం నల్లగా దిగబడినట్టు కనిపించింది. పోలీసు సంచి మొత్తం బల్ల మీద కుమ్మరించాడు. కన్నమ్మ సిగ్గుతో ముడుచుకుపోయింది.

"సేత్తోనే పట్టుకెల్లాల," అన్నాను. "అది పార్సిల్ కాదు."

గురమ్మ కళ్ళు తుడుచుకుంది. ఏలియా తల దించుకున్నాడు. అంతకుముందే విలువైనది బుక్ చెయ్యమన్న నోటితో ఈ మాట అంటున్నానని ఇద్దరికీ తోచలేదు. మన్ను నేనే తెస్తానని చెప్పి పంపించాను.

మర్నాడు పొద్దున్నే సమాధుల తోటకు వెళ్ళాను. కన్నమ్మ సమాధికి సిమెంటు వేయించలేదు. వానలకు మన్ను ఒక పక్కకు కుంగింది. వంగి చెయ్యి చాచాను. ఈ మన్ను ఏలియా చేతిలో ఉండడం కళ్ళ ముందుకొచ్చింది. వాడు మోకాళ్ళ లోతున దిగుతాడు. వదినా అంటాడు. గుంపు నిలబడి పాట పాడుతుంది. నేను వద్దన్నది వాడు చేసి వస్తాడు. వచ్చి చర్చిలో అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెబుతాడు, నేను వెనక బల్ల మీద కూర్చుని వినాలి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

తోట దిగి రైల్వే సైడింగుకు నడిచాను. అక్కడే వ్యాగన్లలో ఖనిజం నింపుతారు. పట్టాల పక్కన మెత్తటి ఇనప ధూళి రాలి పేరుకుని ఉంటుంది. దాన్ని గనివాళ్ళు ఫైన్స్ అంటారు. చూడడానికి సమాధి మన్నులాగే ఎర్రగా ఉంది. కన్నమ్మ అడిగింది గుప్పెడే, నేను మూడు గుప్పెళ్ళు ఎత్తుకున్నాను. తెల్లగుడ్డలో పోసి చుట్టూ పార్సిల్ కుట్టు వేశాను. తూచి చూశాను. అంత మన్ను అరకిలో తూగాలి. ఇది కిలోకు దగ్గరకొచ్చింది. ఇనుము కదా. తెర మీద నల్లటి ముద్దలా కనబడుతుంది. వాణ్ణి విడిగా నిలబెడతారు. సంచి కుమ్మరిస్తారు.

కన్నమ్మ ఎక్కడికీ పోదు. ఇక్కడే ఉంటుంది. తప్పు చేస్తున్నానని నాకు అనిపించలేదు.

సాయంత్రం వాళ్ళు మళ్ళీ పార్సిల్ ఆఫీసుకు వచ్చారు. పొట్లం ఏలియా చేతిలో పెట్టాను. అందుకున్న చెయ్యి కాస్త కిందికి దిగింది. వాడు పొట్లం చూశాడు, తరవాత నన్ను చూశాడు. ఏడుపు ఆపుకుంటున్నాడనుకున్నాను. సంచిలో పెట్టి కాటా మీద ఉంచితే ఏడుంపావు వచ్చింది. అక్కడ చలి అని గురమ్మ పెట్టిన స్వెట్టరు తీసేయమన్నాను. వాడు తీసేశాడు. సరిగ్గా ఏడు కిలోలకు వచ్చింది.

ఒక రోజు ఆగి రైలెక్కారు. నేను స్టేషనుకు వెళ్ళాను. గురమ్మ నా చేతులు పట్టుకుని, అక్క మాట దక్కించావు బావా అని ఏడ్చింది. ఏలియా సంచిని ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. రైలు కదిలాక ఇంటికి వచ్చి కడుపు నిండా తిన్నాను. చాలా రోజులకు అలా తిన్నాను.

బొంబాయి నుంచి గురమ్మ ఫోను చేసింది. మీ తోడల్లుణ్ణి ఆపేశారు బావా అంది. నాకు ప్రాణం చల్లబడింది. చెప్పు అన్నాను.

సంచి యంత్రంలోంచి బయటికి రాగానే పక్కకు లాగారట. పొట్లం కుట్లు కోశారట. ఇదేమిటని పోలీసు ఏలియాను అడిగాడట. పాస్టరు గారు చెప్పబోతే ఆయన్ను ఆగమన్నారట. అప్పుడు ఏలియా చేతులు జోడించి "మేరీ భాభీ హై", ఇది మా వదిన అని అన్నాడట. ఆ పోలీసు వాడి ముఖం కొంతసేపు చూసి, గుడ్డ నాలుగు మూలలూ తనే మడిచి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడట. వెనక లైనులో ఉన్నవాళ్ళు దారి ఇచ్చారట.

"అక్కకి దండం పెట్టినట్టే ఇచ్చాడు బావా," అంది.

ఫోను పెట్టేశాను. వాడికి అవమానం కుట్టి ఇస్తే అది మర్యాద అయి కూర్చుంది. నేను ఒక్కసారైనా కన్నమ్మ కోసం ఎవరి ముందైనా చేతులు జోడించానా అని వెతికాను. ఆస్పత్రిలో డాక్టరు ముందు కూడా జోడించలేదు. అరిచాను. వాళ్ళు తిరిగి వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. దుమ్ముకు దండం పెట్టావురా అని వాడితో అనే రోజు కోసం చూశాను. అదొక్కటే నన్ను నిలబెట్టింది.

వాళ్ళు తిరిగి వచ్చాక మొదటి ఆదివారం ఏలియా సాక్ష్యం చెప్పాడు. నాలుగు మాటలే చెప్పాడు. మా వదిన అడిగింది, పట్టుకెళ్ళాం, కలిపాం, దేవునికి స్తోత్రం అన్నాడు. ఆడవాళ్ళు ముక్కులు చీదారు. కొందరు వెనక్కి తిరిగి నన్ను జాలిగా చూశారు.

గురమ్మ భోజనానికి రమ్మంది. వెళ్ళాను. ఆమె వంటింట్లో చేపలు వేయిస్తోంది. ఏలియా, నేను వరండాలో కూర్చున్నాం. వాడు ప్రయాణం సంగతులు ఎత్తబోయాడు. నేను ఆపాను.

"నువ్వు మోసింది సైడింగు దుమ్మురా. కన్నమ్మ ఇక్కడే ఉంది. నేను ఇయ్యలేదు."

వాడి ముఖం మారుతుందని చూశాను. మారలేదు. వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"తెలుసు అన్నయ్యా."

వాడు కుడి అరచెయ్యి చాచి నాకు చూపించాడు.

"ముప్పై నాలుగేళ్ళు షవెల్ మీద కూసున్నాను. బకెట్లోకి వొచ్చింది మన్నో, రాయో, ఫైన్సో హ్యాండిలు లాగితే సెప్పీవోణ్ణి. గుప్పిట్లో ఎట్టితే తెలీదేటి?"

పొట్లం అందుకున్నప్పుడే తెలిసిందట. మర్నాడు తెల్లవారగానే ఒక్కడే సమాధుల తోటకు వెళ్ళాడట. నా కుట్లు విప్పి, ధూళి గట్టు మీద పారబోసి, కన్నమ్మ మన్ను నింపి మళ్ళీ కుట్టాడట. కుట్టు వంకరగా వచ్చిందట, గురమ్మ చూడకుండా సంచి అడుగున పెట్టాడట. ముప్పై ఒక్క ఏళ్ళు తూచిన నాకు, స్టేషనులో ఆ సంచి ఒకసారి ఎత్తి చూడాలని తోచలేదు.

"నా పెళ్ళాం సమాధి మీద సెయ్యెట్టడానికి నువ్వెవుడివి?" అన్నాను.

"తప్పే," అన్నాడు. "నిన్నడిగితే ఇయ్యవు. వదిన అడిగింది." కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకున్నాడు. "గురమ్మకి సెప్పలేదు. సెప్పను."

వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పెద్దల్ని పిలిచి పంచాయితీ పెట్టినా నిలబడేవాణ్ణి. చెప్పనన్నాడు. ఇకపైన ఆ ఇంట్లో నేను తినే ప్రతి ముద్దా వాడు చెప్పకుండా ఉన్నందుకే తినాలి.

లేచి చెప్పులు వేసుకున్నాను. మెట్టు దిగాను. పోలేకపోయాను.

"నీల్లలో పోసాక ఏటైంది?" అని అడిగాను.

"ఎర్రబడ్డాయి."

"ఎంతసేపు?"

వాడు ఆలోచించాడు. "పరలోక పార్థన ఒక్కసారి సదివినంతసేపు. ఆపైన తేటపడ్డాయి."

మెట్టు మీద నిలబడి ఆ ప్రార్థన మనసులో చదువుకున్నాను. ఎంతసేపు పడుతుందో నాకు తెలియాలి. నిదానంగా చదివాను. అనుకున్నదానికంటే ఎక్కువసేపే పడుతుంది. అంతసేపూ వాడు ఆమెను చూశాడు. సగం దాటాక, మేము ఇతరులను క్షమించినట్టే మమ్మల్ని క్షమించు అనే మాట వస్తుంది. అక్కడ ఆగిపోయాను.

లోపలి నుంచి గురమ్మ అన్నానికి పిలిచింది. నేను మెట్టు మీదే ఉన్నాను.