ఊరికే వెళ్దామంటే

ఆ మాట ఆమె అన్నప్పుడు అతను గిన్నె మూతకి ఊడిన పిడి బిగిస్తున్నాడు. "ఎక్కడికైనా ఊరికే వెళ్దాం బావా" అంది. తల ఎత్తకుండానే సరేనన్నాడు. అన్నాక, స్క్రూ తిప్పుతూనే లోలోపల మురిసిపోయాడు. తోటివాళ్ళ పెళ్ళాలు సినిమా అంటారు, హోటలంటారు, ఊళ్ళు తిరుగుదామంటారు. తన పెళ్ళాం ఖర్చు లేకుండా తిప్పమంటోంది. ఇలాంటి పిల్ల ఎంతమందికి దొరుకుతుంది అనుకున్నాడు.

అతను పెరిగిన ఇంట్లో ఆ మాటకి అర్థం ఒక్కటే. పక్కింటివాళ్ళు పాత కుర్చీ పారేస్తుంటే వాళ్ళమ్మ అడిగి తెచ్చుకుని, ఊరికే వచ్చింది అని వీధంతా చెప్పుకునేది. ఊరికే అంటే పైసా పెట్టకుండా. ఆ అర్థంతో పెరిగాడు, ఆ అర్థంతోనే విన్నాడు.

అతను నీళ్ళ మోటార్ల మెకానిక్. చుట్టుపక్కల వీధుల్లో అతన్ని మోటారు అనే పిలుస్తారు. ఆమె దర్జీ కొట్లో కాజాలు తీస్తుంది, గుండీలు కుడుతుంది. పెళ్ళయి ఏడాది నిండలేదు. ఇల్లు రెండు గదులు. వెనక గదిలో వంట, వీళ్ళ పడక. ముందు గదిలో కోడలి కుట్టు మిషను, అతని తల్లి. ఆమె ఈ పిల్లకి అత్తే కాదు, మేనత్త కూడా. మధ్యలో తలుపు లేదు, తెర ఉంది. తెర ఇవతల గుసగుసలు వినబడితే "ఏమిటర్రా" అనేది. వినబడకపోతే "ఏమైందర్రా, ఉలుకూ పలుకూ లేదు" అనేది. ఇద్దరూ మనసు విప్పి నాలుగు మాటలు అనుకోవాలంటే ఆ గుమ్మం దాటాల్సిందే.

మొదటి ఆదివారం సాయంత్రం ఒక పెద్ద భవనం డాబా మీదికి తీసుకెళ్ళాడు. అక్కడి మోటారు అతను బిగించిందే కాబట్టి వాచ్‌మన్ అడ్డు చెప్పడు. పైన గాలి బాగుంది. దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఆమె పిట్టగోడకి మోచేతులు ఆనించి ఏదో చెప్పబోయింది. అతను చెయ్యెత్తి ఆగమన్నాడు. కింద మోటారు నడుస్తోంది, దాని గొంతు మారింది. బేరింగు పోయే ముందు అలాగే మూలుగుతుందని చెప్పి చకచకా దిగిపోయాడు. ఆమె కూడా దిగింది. అతను గ్రీజులో చేతులు పెట్టాడు, ఆమె టార్చి పట్టుకుంది. వాచ్‌మన్ ఆమెతో మీ ఆయన చెయ్యి బంగారమమ్మా అన్నాడు. ఆ బంగారం ఆమె జాకెట్టు భుజం మీద నల్లటి మరకయింది, ఎంత ఉతికినా పోలేదు.

తర్వాత సోఫాల షోరూము. లోపల ఏసీ ఉంటుంది, మెత్తగా ఉంటుంది, కూర్చున్నందుకు డబ్బులు అడగరు, అదీ అతని ఆలోచన. కూర్చున్నారు. కొత్త కాపురం అనుకుని సేల్స్‌మన్ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొనం అని చెప్పడానికి మొహమాటపడి అతను ధర అడిగాడు. ధర అడిగాక బేరం ఆడకుండా ఉండటం అతని ఒంట్లో లేదు. కొనని సోఫాకి గట్టిగా బేరమాడాడు. సేల్స్‌మన్ మేనేజర్ని పిలిచాడు. మేనేజర్ కాసేపు గింజుకుని, సరే, మీరు అడిగిన ధరకే తీసుకెళ్ళండి అన్నాడు. అప్పుడిక వేరే దారి లేక అతను, మా ఆవిడకి రంగు నచ్చలేదండీ అన్నాడు. అందరూ ఆమె వంక చూశారు. బయటికొచ్చాక, బేరం భలే దింపాను కదా అన్నాడు. ఆమె అప్పటికే రోడ్డు దాటుతోంది.

ఆ తర్వాత బస్సు. కండక్టరు చిన్ననాటి స్నేహితుడు, ఈ చివర్నుంచి ఆ చివరికి టికెట్టు లేకుండా తిప్పుతానన్నాడు. అన్నట్టే తిప్పాడు. కాకపోతే కాసేపటికి తనూ వచ్చి ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుని, తన కడుపులో పుండు సంగతి ఎత్తుకున్నాడు. పుల్లటి తేన్పుల దగ్గర మొదలుపెట్టి, డాక్టరు నోట్లోంచి గొట్టం దింపిన దగ్గరికి వచ్చేసరికి ఆమె మొహం కిటికీ వైపు పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక ఒకటే మాట అంది, మన గోడలే నయం, అవి మధ్యలో కూర్చోవు అని.

అతనికి చిర్రెత్తుకొచ్చింది. ఖర్చు లేని చోటు వెతకడం అంత తేలికా. కనబడ్డ ప్రతివాణ్ణీ అడుగుతున్నాడు, నవ్వినవాళ్ళు నవ్వుతున్నారు. ఇంత చేస్తే మెచ్చుకోవడం పోయి మూతి ముడుచుకుని కూర్చుంటుందేమిటి? ఆమెకీ అంతే ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కొరుకుతున్నావా అన్నాడట, తన బతుకు అలా అయిందని కొట్లో తోటిదానితో చెప్పుకుంది.

అంతలో పొరుగూరి నుంచి ఆమె అక్క ఫోను చేసింది. అక్కకి సొంత కుట్టు కొట్టుంది, ఆర్డర్లు పెరిగాయి, చేతి పని తెలిసిన మనిషి కావాలి, ఇంట్లో ఒక గది కూడా ఖాళీగా ఉంది. ఆ రోజు అన్నాలు తిన్నాక, చెయ్యి కడుక్కుంటున్న అతని పక్కన నిలబడి ఆమె చెప్పింది.

"ఈ ఆదివారం కూడా ఇలాగే అయితే సోమవారం అక్క దగ్గరికి పోతాను బావా. ఎప్పుడొస్తావని అడగొద్దు. వస్తానో రానో నాకే తెలీదు."

తెర అవతల్నుంచి మేనత్త, వెళ్తే వెళ్ళనీరా, ఆ కుట్టు మిషను చోటు ఖాళీ అవుతుంది అంది. ఆవిడని ఎవరూ అడగలేదు.

అతను భయపడ్డాడు. ఆ భయం బయటికి చెప్పే అలవాటు లేదు కనక ఇంకా గట్టిగా వెతికాడు. ఊరి చివర పెద్ద తోట ఉంది. చెట్లు, కొలను, కూర్చోవడానికి బల్లలు. టికెట్టు ఉంది గానీ, పొద్దున్నే నడకకి వచ్చేవాళ్ళ కోసం కౌంటరు తెరిచేదాకా గేటు వదిలేస్తారని తోటలో పంపు చూసేవాడు చెప్పాడు. ఇదే సరైనది అనుకున్నాడు.

ఆదివారం తెల్లారీ తెల్లారకముందే ఆమెని లేపాడు. మొహం కడగనివ్వలేదు సరిగా. జడ సగంలో ఉండగా చెయ్యి పట్టి లాగాడు. దారంతా నడక కాదు, పరుగు. ఆయాసపడుతూ గేటు దగ్గరికి చేరేసరికి టికెట్టాయన షట్టరు పైకి లేపి, బల్ల దులుపుకుంటున్నాడు.

మేం రోడ్డు దాటేటప్పుడు కౌంటరు మూసే ఉంది కదా అని మోటారు వాదనకి దిగాడు. మూసినప్పుడు లోపలుంటే ఉచితం, తెరిచాక బయటుంటే టికెట్టు అన్నాడు టికెట్టాయన. ఆ టికెట్టు ఖరీదు కూడా ఏమంత కాదు, ఇద్దరు టీ తాగే పాటి. కానీ మాట మీద మాట పెరిగింది. వెనక నడకవాళ్ళు నిలబడిపోయారు. టికెట్టాయన మామూలు గొంతుతోనే, పాపం ఆవిడని అంత దూరం పరిగెత్తించకపోతే ఏం పోయిందయ్యా అన్నాడు.

ఆమె గేటు పక్కన పొట్టిగోడ మీద కూర్చుని మిగిలిన జడ వేసుకుంటోంది. అతను విసవిసా వచ్చాడు.

"వెనక గేటుంది. పంపువాడు తీస్తాడు. లే."

"నేను రాను. ఇక్కడ బాగుంది."

"ఇక్కడేముంది?"

"ఏమీ లేదు."

"ఊరికే వెళ్దామన్నది నువ్వే కదా. అప్పట్నుంచి ఊరికే దొరికే చోటు కోసం కుక్కలా తిరుగుతున్నాను నేను."

ఆమె జడ వదిలేసి అతని వంక చూసింది.

"డబ్బుల్లేకుండా అనుకున్నావా?"

"మరి?"

"ఊరికే అంటే ఊరికే బావా. ఏ పనీ లేకుండా. ఎందుకూ కాకుండా. టికెట్టే కావాలంటే నేనే కొనేదాన్ని."

వేరేవాళ్ళయితే అక్కడ నవ్వుకునేవాళ్ళేమో. వీళ్ళకి నవ్వు రాలేదు. డాబా, సోఫా, కండక్టరు కడుపు, అన్నీ ఒకేసారి అతని మీద విరుచుకుపడ్డట్టయింది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు పరిగెత్తిన తన మీద వచ్చిన కోపాన్ని ఆమె మీదికి తిప్పాడు. ఆ ముక్క అప్పుడే విడమరిచి చెప్పొచ్చు కదా అన్నాడు. చెప్పింది తెలుగులోనే కదా అంది. అతను గోడని చెప్పుతో చిన్నగా తన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు.

"పనేమీ లేకుండా వెళ్ళి ఏం చేస్తాం?"

"నువ్వు అడిగావు చూడు, అదే నా బాధ."

అతను గోడ మీద కూర్చోబోయాడు. ఫోను మోగింది. ఎక్కడో మోటారు కాలిపోయింది, రెండో అంతస్తులో చిన్నపిల్లలున్నారు, చుక్క నీళ్ళు రావట్లేదు. అతను ఫోను వంక చూశాడు, ఆమె వంక చూశాడు. ఇలా వెళ్ళి అలా వచ్చేస్తానన్నాడు. ఆమె తల ఊపింది. అతను వచ్చేసరికి గోడ ఖాళీగా ఉంది. ఇంటికెళ్తే ఆమె బ్యాగు సర్దుకుంటోంది. మేనత్త పక్కన నిలబడి ఏ బట్ట ఎలా మడవాలో చెబుతోంది.

సోమవారం బస్టాండు దాకా బ్యాగు తనే మోశాడు. అలక తీరలేదు, ఇద్దరికీ. పొరుగూరి బస్సు ఇంకా రాలేదన్నారు. విచారణ కిటికీలో మనిషి, వస్తుంది అని మాత్రం చెప్పి పేపరు చదువుకుంటున్నాడు. సిమెంటు బల్ల మీద బ్యాగుకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. అతని ఫోను మోగింది. తీసి చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. చివరికి, అడగడానికి ఇంకేమీ దొరక్క, కొట్లో పని ఎలా ఉండేదని అడిగాడు. పెళ్ళయ్యాక ఆ మాట అడగడం అదే మొదలు.

ఆమె ముందు బాగానే ఉండేదంది. తర్వాత నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. కత్తెర ఎవరికీ ఇవ్వని మాస్టారు, జేబులు ఎక్కువ పెట్టమని పోట్లాడే ముసలావిడ. అతను మధ్యలో ఆపలేదు, ఒకచోట నవ్వాడు కూడా. ఆమె బ్యాగుని ఒళ్ళోకి తీసుకుని ఇటు తిరిగింది.

ఒకాయన కోటు తెస్తాడట. మధ్య గుండీ విప్పి మళ్ళీ కుట్టమంటాడట. గుండీ గట్టిగానే ఉంటుంది, దారం కూడా చెక్కుచెదరదు. కుట్టించుకుని వెళ్తాడు, కొన్నాళ్ళకి మళ్ళీ అదే కోటు, అదే గుండీ. మాస్టారు తన డబ్బులు తను తీసుకుని ఊరుకుంటాడు.

"మొన్న నేనే అడిగేశాను, ఎందుకండీ అని."

"అడిగావా? ఏమన్నాడు?"

"స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కూర్చుని, అమ్మాయ్, నీకు పెళ్ళయిందా అన్నాడు."

బస్సు వచ్చేసింది. ఆలస్యమైన బస్సు కదా, ఆగీ ఆగనట్టు ఆగింది. జనం తోసుకున్నారు. అతను బ్యాగు అందించి, కిటికీ వెంట నడుస్తూ ఆమె కూర్చున్నచోటికి వచ్చాడు.

"తర్వాత?"

"పెద్ద కథ బావా. వచ్చాక చెప్తా."

"వచ్చాక అంటే? ఎప్పుడొస్తావు?"

ఆమె ఏదో అంది. ఇంజను మోతలో వినబడలేదు. బస్సు మలుపు దాకా వెళ్ళిపోయాక, అతను దాని వెనకాల కొంత దూరం పరిగెత్తి, "ఇంతకీ ఆ గుండీ సంగతేమిటి?" అని అరిచాడు. బస్సుల కోసం నిలబడ్డవాళ్ళు అతని చొక్కా వంక చూశారు.