గీత పడని రికార్డులు

బాబురావు దగ్గర మైకు సెట్టు పని నేర్చుకుని ఏడాది తిరగకముందే భిక్షపతికి కొమ్ములు మొలిచాయి. అక్క నీలమ్మ కూతురి పెళ్లిలో పాటలు తనే వేస్తానని మాటిచ్చేశాడు. బాబురావు సంతోషంగా సెట్టు అరువిచ్చి, మొదటి పెళ్లికి ఇవి పనికొస్తాయంటూ గ్రామఫోన్ రికార్డుల మూట విప్పాడు. అన్నీ అరిగి గీతలు పడ్డవే.

"నా మేనకోడలి పెండ్లికి గీ ముసలి సరుకేంది అన్నా?" అన్నాడు భిక్షపతి, నలుగురి ముందే.

బాబురావు మొహం చిన్నబోయింది. "నీ ఇష్టం తమ్మీ," అని మూట కట్టేశాడు.

భిక్షపతి నయాపూల్ దగ్గర పాత సామాన్ల దుకాణంలో కూర్చుని, ఒక్కో రికార్డునూ వెలుగుకు పట్టి, గీత కనబడితే పక్కకు తోసి, నిగనిగలాడేవే ఏరుకున్నాడు. ఒక్కటీ వేయించుకుని వినలేదు. కంటితోనే పాట వినే ఘనుడు మరి.

పెళ్లినాడు లాల్‌దర్వాజా గల్లీలో పందిరి కిక్కిరిసింది. భిక్షపతి సూది పెట్టాడు. చిన్న గరగర కూడా లేదు, కానీ ఆ పాట ఎవరికీ తెలియదు. తర్వాతిదీ అంతే. ఆ పైన వేసినదాంట్లో ఎవడో పీనుగు ముందు కూర్చున్నట్టు రాగం తీశాడు. మగపెళ్లివారు మొహాలు చూసుకుని నవ్వారు.

నీలమ్మ దగ్గరికొచ్చింది. "జర బంద్ చెయ్యి తమ్మీ. ఆడోళ్లు పాడుకుంటరంట."

ఆమె తిట్టినా బాగుండేది. భిక్షపతికి తల కొట్టేసినట్టయింది. వీటి మీద గీతలెందుకు లేవో అప్పుడు తెలిసొచ్చింది. రెండోసారి వినాలని ఎవరికీ అనిపించలేదు గనక.

భోజనానికి వచ్చిన బాబురావు చంకలో ఆ పాత మూట ఉంది. ఎవరూ చూడకుండా దాన్ని సెట్టు బల్ల కింద భిక్షపతి కాళ్ల దగ్గర పెట్టి, పోయి పంక్తిలో కూర్చున్నాడు.

భిక్షపతి మూట విప్పి ఒకటి తీసి వేశాడు. కాసేపు గరగరమన్నాక పాట అందుకుంది. పందిరంతా గొంతు కలిపింది. నవ్వినవాళ్లే చప్పట్లు కొట్టారు.

"మా తమ్ముడు ఏరి ఏరి తెచ్చిండు," అంది నీలమ్మ పంక్తిలో నెయ్యి వడ్డిస్తూ, అందరికీ వినబడేలా.

"అవునమ్మా, మంచిగ ఏరిండు," అన్నాడు బాబురావు విస్తరిలోంచి తలెత్తకుండానే.

భిక్షపతి సిగ్గుతో చచ్చిపోయాడు. గల్లీ చివరిదాకా వినిపించే మైకు చేతిలోనే ఉంది. "ఇవి బాబురావన్న రికార్డులు" అనే ఒక్క మాట మాత్రం నోరు దాటలేదు.