ఖాళీ కాని బీరువా

కళ్లజోళ్ల షాపులో వెనక గదిలో కూర్చుని, ఫ్రేముకి సరిపడేలా అద్దాలు అరగదీయడం మనవాడి ఉద్యోగం. ఇంటికొచ్చాక చేసేదీ అదే. చెప్పులు గానీ, దువ్వెన గానీ, పళ్ల బ్రష్షు గానీ, అరిగి అరిగి తనంతట తాను ప్రాణం విడిచేదాకా వదిలేవాడు కాదు. ఎంగిలిచేత్తో కాకిని తోలని వంశం. అలాంటివాడికి దేవుడు ఏరికోరి ఎలాంటి భార్యనిచ్చాడంటే, ఆవిడకి ఇంట్లో ఒక వస్తువు అదనంగా కనిపిస్తే చాలు, ఊపిరాడదు.

ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటుంది. పేషెంట్లు లేనప్పుడు ఫోన్లో వీడియోలు చూస్తుంది. అన్నీ ఒకటే రకం. తెల్ల గోడలు, ఒక కుర్చీ, ఒక మొక్క, ఆ మొక్క పక్కన ప్రశాంతంగా నవ్వుతూ ఒక మనిషి. "అంత ప్రశాంతంగా ఉన్నాడు సరే, తడి బట్టలెక్కడ ఆరేసుకుంటాడట?" అని మనవాడు ఒకసారి నోరు జారాడు. ఆ పూట పొయ్యి వెలగలేదు.

అసలు గొడవంతా మనవాడి అమ్మ బీరువా గురించి. ఉన్నవి రెండే గదులు. ఒకటి మొగుడూ పెళ్లాలది. రెండోది హాలు. వంట ఆ హాల్లోనే ఒక మూల, అమ్మ పడక ఇంకో మూల సోఫా మీద. సోఫా తలవైపు ఆవిడ ఇనప బీరువా. ముప్ఫై ఏళ్లుగా ఎవరెవరో ఇచ్చిన సబ్బులు, పౌడరు డబ్బాలు, తలనూనెలు, సెంటు సీసాలు అన్నీ అందులోనే. మంచిరోజు వస్తే వాడదామని దాచింది. మంచిరోజులు వచ్చాయి, పోయాయి, అంతకన్నా మంచివి రాకపోతాయా అని ఆవిడ వాటిని ముట్టుకోలేదు. రోజుకోసారి మాత్రం బీరువా తలుపు తీసి, లోపల తల పెట్టి, చాలాసేపు ఏదో వెతుక్కునేది. ఏం వెతుకుతోందో ఎవరూ అడగలేదు.

"అన్నీ పారేద్దామండీ," అంది భార్య.

"దానికంటే నా పీక నొక్కెయ్, తొందరగా అయిపోతుంది," అన్నాడు భర్త.

చివరికి పామూ చావకుండా కర్రా విరగకుండా ఒక ఒప్పందానికొచ్చారు. ఏదీ పారేయకూడదు, వాడి అవగొట్టాలి. అది ఆయన గెలుపు. అయిపోయినదాని స్థానంలో కొత్తది కొనకూడదు. డబ్బా ఖాళీ అయితే డబ్బా పోవాలి, బీరువా ఖాళీ అయితే బీరువానే పోవాలి. అది ఆవిడ గెలుపు.

"మీరేమంటారు అత్తయ్యా?"

అమ్మ టీ కప్పు కింద పెట్టింది. "నాదేముందమ్మా, మీ ఇష్టం."

మనవాడు పొంగిపోయాడు. పుట్టినప్పటినుంచీ తల్లిని చూస్తున్నవాడు, ఆవిడ 'మీ ఇష్టం' అన్న ప్రతిసారీ చివరికి ఎవరి ఇష్టం నెగ్గిందో ఒక్కసారి గుర్తు తెచ్చుకుని ఉండాల్సింది.

మర్నాటినుంచి యజ్ఞం మొదలైంది. మనవాడి వాటాకి గులాబీ సబ్బు, ఆకుపచ్చ తలనూనె వచ్చాయి. ఆ రెండు వాసనలకీ పుట్టుకతోనే పడదు, వాటి తగువు ఆయన నెత్తిమీదే జరిగేది. "ఏంటయ్యా, షాపులో ఎవరిదో పెళ్లవుతున్నట్టుంది, నువ్వు కాస్త కిటికీ పక్కకి జరుగు," అన్నాడు ఓనరు. భార్య వాటాకి పాతకాలపు పౌడరు వచ్చింది. అది రాసుకుని వెళ్తే, డాక్టరు మత్తుమందు ఇవ్వకముందే పేషెంట్లు కళ్లు మూసేవారు. అయినా ఇద్దరూ పళ్లబిగువున భరించారు. ఎన్నాళ్లులే, అయిపోవస్తున్నాయి కదా అని.

అయిపోవడం లేదు. సగానికి వచ్చిందనుకున్న అర, నాలుగు రోజులు పోయాక చూస్తే మళ్లీ నిండుగా ఉండేది.

"మీరే తెచ్చి పెడుతున్నారు," అంది భార్య. "పారేయడానికి మనసొప్పక."

"కొనడమా? నేనా?" మనవాడికి కళ్లనీళ్లొక్కటే తక్కువ. "పెళ్లయి ఇన్నేళ్లయింది, నన్ను నువ్వు అర్థం చేసుకున్నది ఇంతేనా?"

అమ్మ సోఫా మీద చిక్కుళ్లు తుంచుతూ కుక్కిన పేనులా కూర్చుంది. మోకాళ్ల నొప్పులని మెట్లు దిగని మనిషి, ఈమధ్య సాయంత్రమయ్యేసరికి సంచీ తగిలించుకుని వాకింగుకి వెళ్తోంది. ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగిందని కొడుకూ కోడలూ ఇద్దరూ సంతోషించారు.

ఒక పొద్దున మనవాడు స్నానాలగదిలో కొత్త సబ్బు విప్పాడు. అట్ట మీద అచ్చయిన ప్రతి అక్షరం చదవడం ఆయన అలవాటు. డబ్బు పోసి కొన్న అక్షరాలు వదిలేయడమెందుకని. ఒళ్లు రుద్దుకుంటూ చదువుతూ, తయారైన తేదీ దగ్గర ఆగిపోయాడు. పోయిన నెల. తన పెళ్లికి ఎవరో ఇచ్చిన సబ్బు పోయిన నెలలో ఎలా పుట్టింది?

నడుముకి తువ్వాలు, ఒంటినిండా నురగతో హాల్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా! ఇది నువ్వు కొన్నావా?"

"కొన్నాను."

"అన్నీనా?"

"సబ్బు సులువుగానే దొరికిందిరా. ఆ ఆకుపచ్చ నూనెకే నాలుగు వీధులు తిరగాల్సొచ్చింది."

"నేనిక్కడ చచ్చీచెడీ అరగదీస్తుంటే, నువ్వు తెచ్చి నింపుతున్నావా?"

"నువ్వు అరగదీయడం, నేను తెచ్చిపెట్టడం కొత్తా ఏంటి? చిన్నప్పటినుంచీ అంతేగా."

భార్యకి మాత్రం ఒళ్లు మండింది. "ఎందుకత్తయ్యా ఇదంతా? ఆ ఇనప డబ్బాలో అంత ఏముందని?"

అమ్మ చిక్కుళ్ల గిన్నె పక్కన పెట్టింది.

"ఏమీ లేదమ్మా. దానికి తలుపుంది. మీ గదికి తలుపుంది. ఈ హాల్లో నాదంటూ వేసుకోవడానికి, తీయడానికి ఉన్న తలుపు అదొక్కటే. ఏడుపొచ్చినా, మీ మాటలకి నవ్వొచ్చినా, ఏదో వెతుకుతున్నట్టు అందులో తల పెట్టి కాసేపు నిలబడతాను. అది కాస్తా పోతే ఎక్కడ పెట్టుకోను ఈ తల?"

అమ్మ అలా నిలబడి ఉండగా మనవాడు ఎన్నిసార్లు చూశాడో. చూసినప్పుడల్లా, "లైటు తీసెయ్యమ్మా, కరెంటు దండగ," అనేవాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. నురగ కారి కాళ్లకింద మడుగు కట్టింది, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

భార్య వెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది. ఇల్లు ఖాళీగా ఉంటే మనసుకి హాయిగా ఉంటుందని రోజూ చెప్పిన మనిషి, ఆ హాయి ఎవరికి అని తనని తాను ఎన్నడూ అడగలేదు. చాలాసేపు హాలు నాలుగు మూలలూ కొలుస్తున్నట్టు చూసింది.

"బీరువా ఎక్కడికీ పోదు అత్తయ్యా. లోపలున్నవి పోతాయి, సరేనా?"

"పోతే పోనీ, ఆ వాసనకి నాకూ తలనొప్పే," అంది అమ్మ.

ఆదివారం సబ్బులూ నూనెలూ వీధంతా పంచారు. ఊరికే ఇస్తున్నందుకు ప్రతి సబ్బుకీ మనవాడి గుండె కలుక్కుమంది గానీ, నోరు మెదపలేదు. ఆకుపచ్చ నూనె మాత్రం ఓనరుకి తానే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాడు. తర్వాత ముగ్గురూ కలిసి బీరువాని జరిపి, వీపు హాలువైపు ఉండేలా అడ్డంగా తిప్పారు. సోఫా దాని అవతల, తలుపు ఉన్న వైపు మూలలోకి వెళ్లింది. బీరువా తలుపు బార్లా తెరిస్తే వెళ్లి గోడకి ఆనుతుంది, ఆ మూలలోకి వెళ్లే సందు మూసుకుపోతుంది. గోడ కొనలేదు, తలుపు కొనలేదు, పైసా ఖర్చులేదు. హాలు కూడా విశాలంగా కనిపించింది. మొగుడూ పెళ్లాలిద్దరికీ ఒకే విషయంలో సంతోషం కలగడం బహుశా అదే మొదలు.

సాయంత్రం అమ్మ తన మూలకి వెళ్లింది. ఇనప తలుపు కిర్రుమని తెరుచుకుని గోడకి ఆనింది.

కాసేపటికి మనవాడు టీ కప్పు పట్టుకుని అలవాటుగా లోపలికి వెళ్లబోయాడు. భార్య వెనకనుంచి చొక్కా పట్టుకుని ఆపింది. ఆయన రెండు క్షణాలు ఆలోచించి, వేలు మడిచి, బీరువా వీపుమీద మెల్లిగా తట్టాడు.

లోపల సోఫా కదిలిన చప్పుడైంది. ఆవిడ తొందరపడలేదు.

"ఎవరూ?" అంది.

"నేనేనమ్మా."

"పనిలో ఉన్నాను. తర్వాత రా."