గాలి నోటికాడ రాగులు

ఆనేకల్ దగ్గర ఒక గ్యాస్ కరెంటు ప్లాంటులో తోటపని చేస్తాను నేను. పేరు గురుమూర్తి. చేరి ఆరు నెలలైంది, ఇన్నాళ్లలో మా మెషిన్ నడిచింది పదిసార్లు కూడా ఉండదు. అయినా అందరూ రోజూ వస్తారు, నూనె చూస్తారు, మీటర్లు చూస్తారు, పోతారు. నడవని బండికి ఇంత సేవ ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

ఉండబట్టలేక షిఫ్టు ఇంజినీరు నళిని మేడమ్‌ని అడిగేశాను. పగలు ఎండకి సోలార్ కరెంటు బోలెడు వస్తుందట. ఎండ పోయే వేళకే బెంగళూరంతా ఇళ్లకు చేరి లైట్లు, మోటార్లు, ఏసీలు వేస్తుంది. చల్లారిన బొగ్గు ప్లాంటు లేవాలంటే గంటలు పడుతుంది. మాది ఇరవై నిమిషాల్లో లేవాలి. పెళ్లిలో అనుకోని బంతి కూర్చుంటే వెలిగించడానికి పక్కన ఉంచుకునే పొయ్యి లాంటిదన్నమాట. పోయిన నెల ఒకసారి ఆలస్యమైందట. ఇంకోసారి అయితే పైవాళ్లు తాళం వేస్తారని ఆమె భయం. తాళం పడితే నా పనీ పోయినట్టే.

ఇంత విన్నాక నేనేం చేశానో చూడండి. మా ఆవిడ పిల్లమ్మ రాగులు కడిగింది, ఆరబెట్టడానికి ఇంట్లో జాగా లేదు. మెషిన్ ముందు పెద్ద జాలీ గోడ ఉంది, దాని కింద శుభ్రమైన సిమెంటు నేల, మంచి ఎండ. పాత చీర పరిచి పోసేశాను.

సాయంత్రం ఆరింటికి కంట్రోల్ రూములో ఫోన్ మోగింది, మెషిన్ ఎత్తమని. అందరూ పరుగులు. నేను తాపీగా కత్తెర కడుక్కుంటున్నాను. గ్యాస్‌తో నడిచేదానికి నా రాగులతో ఏం పని? అప్పుడు గుర్తొచ్చింది, మేడమ్ ఒకసారి ఆ జాలీని మెషిన్ ముక్కు అంది. మంట మండాలంటే గాలి కావాలి కదా.

పరిగెత్తాను.

“మేడమ్, నొక్కొద్దండి. ముక్కు కింద నా రాగులు ఉండాయి.”

ఆమె గడియారం చూసింది, నన్ను చూసింది. “ఎన్ని?”

“అర మూట.”

“రా మూర్తన్నా, చీర ఆ కొస నువ్వు పట్టుకో. తిట్లు తర్వాత.”

ఇద్దరం మోసి అవతల పెట్టాం. మిగిలిన గింజల్ని నా చీపురుతో ఆమే ఊడ్చింది. ఐదు నిమిషాలు పోయాయి. ఆమె లోపలికి ఉరికింది.

మెషిన్ ముందు ఈల వేసింది, తర్వాత గర్జించింది. నాకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. చీర అంచు నుంచి ఒక దారం పీకి దూరంగా నిలబడి వదిలాను. అది నేల మీద పడలేదు, తిన్నగా వెళ్లి జాలీకి అతుక్కుంది. చీరంతా అట్లా లేచి ఉంటే మెషిన్ ముక్కు మూసుకుపోయేది.

పంతొమ్మిదో నిమిషంలో కరెంటు లైనెక్కింది. మేడమ్ బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. నేను పిల్లమ్మకి ఫోన్ చేసి కరెంటు పోయిందా అని అడిగాను.

“సీరియల్ చూస్తా ఉండా. కరెంటెందుకు పోతాది? రాగులు ఆరినాయా లేదా?”

ఆ మాట మేడమ్‌కి వినబడింది. “ఆరినాయని చెప్పన్నా” అంది నవ్వుతూ.

తిట్లు మాత్రం మర్నాడు పొద్దున పడ్డాయి.