పేట మొత్తానికి తెలిసిన రహస్యం

బెంగాల్లో గంగ ఒడ్డున ఉన్న మా చందన్‌నగర్‌లో ప్రతి మనిషికీ రెండు పేర్లు. మొదటిది మంచి పేరు. బడి రిజిస్టరులోనూ, పెళ్లి శుభలేఖలోనూ, పోయాక పేపర్లోనూ వేసుకునేది. రెండోది పిలుపు పేరు. అది పుట్టిన వారంలోనే ఎవరో ఒక మేనత్త నోట్లోంచి ఊడిపడుతుంది, ఇక చచ్చేదాకా వదలదు. జడ్జీగా చేసి రిటైరైన పెద్దమనిషిని మా సందులో ఇప్పటికీ గుమ్మడి అనే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు. నా మంచి పేరు హైమంతి భాదురి. ముప్పై రెండేళ్లు ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పాను. నా పిలుపు పేరు బుడి. అంటే మా భాషలో ముసలమ్మ. వారం రోజుల పిల్లకి ఆ పేరు పెట్టిన మావాళ్ల తెలివికి దండం పెట్టాలి. ఇప్పుడు అరవై నాలుగొచ్చి పేరు సార్థకమైంది కాబట్టి ఇక తగాదా లేదు.

తగాదాలంటే గుర్తొచ్చింది, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇది నేను చెప్పుకునే మాట కాదు, ఊరు చెప్పే మాట. ఆ ముక్కుని పక్కన పెట్టి, ఒక మనిషికి రుణపడ్డానని నలుగురికీ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పదకొండేళ్లు నేను నోము కథలు పోగుచేశాను. మా వైపు నోము రోజున ఆడవాళ్లంతా చేతిలో గరిక పట్టుకుని కూర్చుంటే ఒక పెద్దామె కథ చెబుతుంది. అదే కథ ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. ఒక రేవులో గెలిచిన సవతి ఇంకో రేవులో ఓడిపోతుంది. పుస్తకాల్లో దొరికేవి కావవి. బడి వదిలాక సంచీ భుజాన వేసుకుని గంగ ఒడ్డున ఊరూరా తిరిగి, నలభై ముగ్గురు ముసలమ్మల దగ్గర కూర్చుని రాసుకున్నాను. వాళ్లలో ఇవాళ మిగిలింది ఇద్దరు. ఒకావిడకి మతి లేదు, ఇంకొకావిడకి మాట పడిపోయింది. కాబట్టి ఆ కథలు నా దగ్గర ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టే.

అవన్నీ నా మెయిల్లో ఉండేవి. ఆ ఏర్పాటు మా అన్నయ్య నిరుపమ్‌ది. ఆయన టెలిఫోన్ల ఆఫీసులో ఇంజనీరు. కాగితాన్ని చెద తింటుంది, కంప్యూటరు పాడవుతుంది, మెయిల్లో పెడితే నీ కొంప తగలబడినా కథలు తగలబడవు అని చెప్పి, ఒక ఆదివారం తనే కూర్చుని ఖాతా తెరిచి ఇచ్చాడు. నేను వంటింట్లో చేపలు వేయించుకుంటూ సరే సరే అన్నాను. అప్పటినుంచీ ఒక్కో కథా నాకు నేనే ఉత్తరంలా పంపుకునేదాన్ని. అన్నయ్య పోయి నాలుగున్నరేళ్లయింది.

కిందటి శీతాకాలం కలకత్తాలో ఒక చిన్న ప్రచురణ సంస్థ ఆ కథల్ని పుస్తకంగా వేస్తామంది. ఆనందంతో నేల మీద కాలు నిలవలేదు. సరిగ్గా అప్పుడే పక్క సందులో ఒక రిటైర్డు మాస్టారి మెయిల్లోకి ఎవరో దొంగ చొరబడి, ఆయన పేరు మీద ఊరందరికీ పిచ్చి ఉత్తరాలు రాశాడు. నా ముసలమ్మల దగ్గరికి దొంగ వస్తేనో? వెంటనే సంకేతపదం మార్చాను. బ్రహ్మపుత్ర ఉపనదుల మొదటి అక్షరాలు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, మధ్యలో అంకెలు, చివర ఒక చుక్క. బ్రహ్మదేవుడు కూడా ఊహించలేడు. నేనూ గుర్తుపెట్టుకోలేనని తెలుసు కాబట్టి, ఎనిమిదో తరగతి పాత పరీక్ష కాగితం ఒకదాని వెనక రాసి, అదే కట్టలో దాచాను.

రెండు వారాల తర్వాత అటక శుభ్రం చేస్తూ ఆ కట్టని నా చేతులతో నేనే పాతకాగితాల వాడికి వేశాను. మా ఊళ్లో పరీక్ష కాగితాలు ఏమవుతాయో అందరికీ తెలుసు. మరమరాల పొట్లాలవుతాయి. ఎవరో గంగ ఒడ్డున బెంచీ మీద కూర్చుని నా రహస్యంలో పోసిన మరమరాలు తిని, ఆవనూనె చేతులు దానికే తుడుచుకుని పోయి ఉంటారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఇంట్లో కంప్యూటరు ఆ పదాన్ని గుర్తుపెట్టుకుని నన్ను అడక్కుండా లోపలికి పంపేది కాబట్టి ఇది కొన్నాళ్లు తెలియలేదు. డిసెంబరులో అది కాస్తా కన్నుమూసింది. కొత్తది కొన్నాను. అది నన్నెరగదు. ఎవరు నువ్వు అంది.

మర్చిపోయాను అని నొక్కితే, మీ ఫోనుకి అంకెలు పంపిస్తాం, అవి చెప్పండి అంది. చివర నలభై ఏడు అని చూపించింది. అది అన్నయ్య నంబరు. అన్నయ్య పోయిన ఆర్నెల్లకే మా వదిన దాన్ని వదిలేసింది. ఇప్పుడది ఎవరి జేబులో మోగుతోందో.

అయినా ఆ నంబరుకి ఫోన్ చేశాను. కాక్‌ద్వీప్‌లో ఒక చేపల పడవాయన ఎత్తాడు. నేను అన్నయ్య సంగతీ, ముసలమ్మల సంగతీ, మరమరాల సంగతీ అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, పిన్నిని పిలిచినట్టు మాశీ అని పిలిచి, కథ బాగుంది, ఇంతకన్నా ఏడిపించే కథలు వారానికి మూడు వింటున్నాను, అంకెలు మాత్రం దేవుడడిగినా చెప్పను అని పెట్టేశాడు. ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. ఈ దేశంలో అందరూ ఆయనలా ఉంటే దొంగలు అన్నం లేక చస్తారు. కానీ ఆ పూట మాత్రం ఆయన పడవ బోర్లాపడితే బాగుండుననిపించింది.

ఇక మిగిలింది ఒకటే దారి. ఖాతా తెరిచిన రోజున రాసిచ్చిన రహస్య ప్రశ్నకి జవాబు చెప్పాలి. ప్రశ్న తెర మీదికొచ్చింది. చిన్నప్పుడు ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలిచేవారు?

నవ్వొచ్చింది. ఈ ప్రశ్న తయారుచేసినవాడు బెంగాలీవాడు అయ్యుండడు. మా పేటలో కూరలమ్మేవాడు కూడా నన్ను బుడి దిదీ అంటాడు. పేట మొత్తానికి తెలిసిన రహస్యం అది. దొంగ వచ్చి సందు మొదట్లో నిలబడితే చాలు, పావుగంటలో వినిపిస్తుంది. సరే, నా పని సులువైందని బుడి అని కొట్టాను.

తప్పు అంది.

మా బుడిలో డకారం ఉందే, దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొందరు డి పెట్టి రాస్తారు, కొందరు ఆర్ పెట్టి రాస్తారు. ఆ మొదటిసారి డి పెట్టాను. తర్వాత ఆర్ పెట్టాను. అదీ తప్పే. మధ్యలో రెండు ఓలు పెట్టాను. ఆఖరికి బెంగాలీ అక్షరాల్లోనే కొట్టాను. నాలుగూ తప్పే. అప్పుడు ఎర్రటి అక్షరాలొచ్చాయి. ఇంకొక్క అవకాశం ఉంది, అదీ తప్పితే ఈ ఖాతాని ఇక ఎప్పటికీ తెరవలేరు.

చేతులు వెనక్కి తీసుకున్నాను. నలభై ముగ్గురు ముసలమ్మలు ఆ ఎర్ర అక్షరాల వెనక ఉన్నారు. వాళ్ల పమిటచెంగు వాసన కూడా నాకు గుర్తుంది, వాళ్ల మాటలు మాత్రం గుర్తులేవు. రాసిపెట్టుకున్నాను కదా అని మర్చిపోయాను. కుర్చీలో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

ఆ ఆదివారం అన్నయ్య పక్కన ఎవరున్నారా అని ఆలోచిస్తే ఒక్క మనిషే గుర్తొచ్చింది. మా వదిన కణిక. మేము బౌది అంటాం. ఆవిడ ఉండేది మా ఇంట్లోనే, పై అంతస్తులో. మధ్యలో పద్దెనిమిది మెట్లు. ఆ మెట్లు నేనెక్కి నాలుగేళ్లయింది.

కారణం ఆ నంబరే. అన్నయ్య నంబరు వదిలేసిందని తెలిసిన రోజున, వీధి గుమ్మంలో నిలబడి, మనిషిని ఎలాగూ దాచుకోలేకపోయావు, ఆయన నంబరైనా దాచుకోలేకపోయావా అని పేటంతా వినేలా అరిచాను. ఆవిడ పైకెళ్లిపోయింది. ఆ మాట అన్న క్షణంలోనే నాకు తెలుసు, అనకూడని మాట అన్నానని. నోరు జారిన మాట తీసుకోలేక, నాలుగేళ్లు మొహం తిప్పుకుని తిరిగాను. పనిమనిషి చేత కబుర్లు పంపుకునేవాళ్లం.

పద్దెనిమిది మెట్లూ ఎక్కాను. మధ్యాహ్నం ఎండ డాబా మీద బాగా కాస్తోంది. బౌది చాప మీద గుడ్డ పరిచి మినపవడియాలు పెడుతోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఒకే ఇంట్లో ఉంటూ అది కూడా నేను చూడలేదు.

"బౌదీ" అన్నాను.

ఆవిడ తల ఎత్తలేదు. "ఆ కాకిని కాస్త చూడు. చేతులు కడుక్కొస్తాను" అంది.

నాలుగేళ్ల తర్వాత ఆవిడ నాతో అన్న మొదటి మాట అదే. నేను కాకిని తోలుతూ నిలబడ్డాను. వచ్చాక అంతా చెప్పాను. మరమరాల దగ్గర ఆవిడ పెదవి కొంచెం కదిలింది. చేపలాయన దగ్గర నవ్వేసింది. బుడి అని నాలుగు రకాలుగా కొట్టానని చెప్పేసరికి నవ్వు ఆపి నన్ను చూసింది.

"మీ అన్న బుడి అని పెట్టలేదు. ఊరంతా అరిచే పేరు తాళంచెవి ఎలా అవుతుంది అన్నారు. నీకు ఇంట్లో ఇంకో పేరుంది. నీకే తెలీదు కానీ మా ఇద్దరికీ తెలుసు."

"ఏమిటది?"

"చెబితే కరుస్తావు."

"కరవను. చెప్పు."

"ధాని లంకా" అంది, వడియాల గిన్నె పక్కకి జరుపుకుంటూ.

మా భాషలో లంక అంటే మిరపకాయ. ధాని లంక అంటే వడ్లగింజంత ఉండే మిరపకాయ, కొరికితే చెవుల్లోంచి పొగలొస్తాయి. అది పెట్టింది అన్నయ్య కాదు. బౌది కొత్తకోడలిగా వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. మొదటి రోజే నేను ఆవిడ దువ్వెన తీసుకుని, తిరిగి ఇమ్మని అడిగితే రాక్షసిలా మీద పడ్డానట. ఆ రాత్రి భర్తతో ఆవిడ మాట్లాడిన మొదటి మాటే, మీ చెల్లెలు ధాని లంకలా ఉంది అని. అప్పటినుంచీ నలభై అయిదేళ్లు ఆ గదిలో నా పేరు అదే. ధాని లంక తిన్నదా, ధాని లంక ఇవాళ ఎవరి మీద పడింది. నా చెవిన పడకుండా ఇద్దరూ అన్నేళ్లూ కాపాడుకొచ్చారు.

మొదట కోపమే వచ్చింది, అబద్ధమెందుకు. ఆ కోపం నిలవలేదు. నన్ను అంత ముద్దుగా ఒకళ్లు పిలుస్తున్నారనే సంగతి నాకు అరవై నాలుగేళ్లకి తెలిసింది.

ఆవిడ చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చాను. కంప్యూటరు ముందు కూర్చున్నాక మళ్లీ భయం పట్టుకుంది. లంకలో మొదటి అక్షరం తర్వాత ఇంగ్లీషులో ఎ పెట్టాడా, ఓ పెట్టాడా? మేము పలికేది లొంకా అని. ఉన్నది ఒక్క అవకాశం.

బౌది కళ్లు మూసుకుని ఆలోచించింది. "నన్నడిగారు ఆ రోజు. ఎ పెడితే అది రావణుడి ఊరు, మన మిరపకాయ ఓతోనే అన్నాను. సరే అని ఓ పెట్టారు. అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ లేదు."

"ఖాయమేనా?"

"పదకొండేళ్ల కిందటి మాట. నిన్న ఏం తిన్నానో గుర్తుండదు కానీ, ఆయన నన్నడిగినవి గుర్తుంటాయి."

ఓతో కొట్టాను. బౌది నా భుజం మీద చెయ్యి వేసింది, నేను నొక్కాను.

తెరుచుకుంది. నలభై మూడు ఉత్తరాలూ వరసగా ఉన్నాయి. క్షీరోద బామ్మ చెప్పిన కథ, జగత్తారిణి చెప్పిన కథ, పడవరేవు బిందుబాల చెప్పిన ఏడుగురు కోడళ్ల కథ. ఒక్కొక్కటే తెరిచి, లోపల మాటలున్నాయో లేదో చూసుకున్నాను. ఉన్నాయి.

మా ఇళ్లల్లో ఒకరికొకరు కృతజ్ఞతలు చెప్పుకోరు. చెబితే పరాయివాళ్లని చేసినట్టు. అయినా నేను ఆ పూట చెప్పాను. బౌదీ, నువ్వు లేకపోతే నలభై ముగ్గురూ మళ్లీ చచ్చిపోయేవాళ్లు, నీ రుణం తీర్చుకోలేను అన్నాను. గుమ్మంలో అన్న మాటకి క్షమించమన్నాను. ఆవిడ ఆ నంబరు గురించి చెప్పింది. అది మోగినప్పుడల్లా పక్కగదిలోంచి ఆయన లేచి వస్తారని తల తిప్పి చూసేదట. రోజుకి పదిసార్లు చూసేదట. ఆర్నెల్లకి ఇక మెడ తిప్పే శక్తి లేకపోయిందట. ఆ మాట నేను నాలుగేళ్ల కిందట నెమ్మదిగా అడిగి ఉంటే అప్పుడే తెలిసేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పిల్లలకి పాఠాలు చెప్పిన నోరు నాది.

ఆ సాయంత్రమే కథలన్నీ కలకత్తా పంపించేశాం. ఒకదాంట్లో నోము గరికలు పదిహేడని నేను రాస్తే, బౌది చూసి ఇరవై ఒకటని దిద్దింది.

మర్నాడు పొద్దున నేను పళ్లు తోముకుంటున్నాను. మెట్ల మీదినుంచి, నాలుగు సందుల దాకా వినిపించే గొంతుతో కేక వచ్చింది. "ధాని లంకా, టీ పెట్టాను. చల్లారకముందే రా."

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. కూరలమ్మేవాడు బండి ఆపి పైకి చూశాడు. గుమ్మడి జడ్జీగారు పేపరు దించి, చాలా బాగా కుదిరింది పేరు అన్నారు. మధ్యాహ్నానికి పేటంతా పాకిపోయింది. ఇప్పుడు పాలవాడు కూడా అలాగే పిలుస్తున్నాడు. నాకు కోపం రాలేదు. టీ తాగి కిందికి దిగొచ్చి, రహస్య ప్రశ్నకి జవాబు మార్చేశాను.

కొత్త జవాబు ఏమిటో మీకు చెప్పను. అది నాకూ, బౌదికీ తెలుసు.