పసుపు మొహం నవ్విందని

తండ్రి పోయాడన్న సంగతి రుయిఫెన్‌కి తెలిసేసరికి దహనం కూడా అయిపోయింది. చైనాలోని ఫుజో నుంచి అన్నయ్య పెట్టిన మెసేజ్ చాలా చిన్నది. "నాన్న పోయారు. అన్నీ సవ్యంగా జరిపించాం."

ఆ శనివారం పొద్దున న్యూజిలాండ్‌లో, ఆక్లండ్ నగరపు మాంగెరె పేటలోని తన ఇంట్లో, వంటగదిలో నిలబడే ఆమె తను పనిచేసే లాండ్రీ వాళ్ళ ఫోన్ గ్రూపులో రాసింది. "మా నాన్న చనిపోయారు. సోమవారం పనికి రాను."

మొదటి జవాబు లోసా దగ్గర్నుంచి. మాట లేదు. గుండ్రటి పసుపు మొహం, పెదాలు కలిపి చిన్న నవ్వు.

రుయిఫెన్ ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ ఊళ్ళో ఆ నవ్వు పంపడమంటే ఎదుటి మనిషి మీద ఉమ్మేసినట్టే. పంపింది ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళయినా బాగుండేది. ఆసుపత్రి దుప్పట్లు మడత పెట్టేటప్పుడు ఇన్నేళ్ళూ అటు అంచు పట్టుకున్న సమోవా మనిషి!

వెంటనే ఊపుతున్న చెయ్యి బొమ్మ ఒకటి లోసాకి పంపింది. చైనాలో దానర్థం, ఇక నీకూ నాకూ చెల్లు.

లోసా దాన్ని చూసి, రమ్మని పిలుస్తోంది కాబోలు, వెళ్ళాలి అనుకుంది. మధ్యాహ్నానికి తలుపు తట్టింది. చేతుల్లో సాపసుయి నూడుల్స్ గిన్నె, వెనక చర్చి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు.

"ఎందుకొచ్చావ్?" అంది రుయిఫెన్.

"అదేంటి చెల్లీ, నువ్వే కదా చెయ్యూపావు!"

"పొమ్మని ఊపాను! మా నాన్న చస్తే నవ్వొచ్చిందా నీకు? సిగ్గులేదూ?"

"నవ్వానా? నేనా?"

రుయిఫెన్ ఫోన్ తెచ్చి ఆమె ముక్కు ముందు పెట్టింది.

"ఇదా!" అంది లోసా. "గుండె దిటవు చేసుకో, నేనున్నాను అని కదా పంపాను. మా అమ్మ పోయినప్పుడు నాకూ ఇదే పంపారు అందరూ."

"మా దగ్గర ఇది ఛీ పో అనడానికి పంపుతారు!"

ఈసారి లోసా మొహం కందగడ్డయింది. గిన్నెను గడప మీద ధన్‌మని దించింది. "ఓహో! నేనెప్పుడైనా నిన్ను ఛీ పో అన్నానా? రోజూ నీ ఎదురుగా నిలబడే మొహం ఇది. దీన్ని నమ్మలేదు, గోలీకాయంత పసుపు మొహాన్ని నమ్మావా? బాగుందమ్మా! చాలా బాగుంది!"

వెనకున్న ఇద్దరూ నేలచూపులు చూశారు. రుయిఫెన్ ఎదురు తిట్టబోయింది. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"బూడిదయ్యాక చెప్పాడు!"

"ఎవరు?"

"మా అన్న! నాకు సెలవు దొరకదని, కంగారు పెట్టడం ఎందుకని, తనే తేల్చేశాడు. నేనేమో 'సరే అన్నయ్యా' అని రాశాను. సరే అని! ఏం సరే?"

లోసా ఆమెనే చూసింది. "అయితే ఫోన్ చెయ్. బొమ్మలూ వద్దు, రాతలూ వద్దు. గొంతెత్తి అడుగు."

చేసింది. ఫుజో యాసలో అరిచింది. లోసా పక్కనే కూర్చుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, రుయిఫెన్ ఊపిరి తీసుకున్నప్పుడల్లా "ఊఁ, ఇంకా కడిగెయ్" అని ఎగదోసింది. అన్నయ్య మొదట సర్దిచెప్పబోయాడు, తర్వాత తనూ అరిచాడు, చివరికి ఏడ్చాడు. రుయిఫెన్ జాలిపడలేదు. నాన్న ఆఖరున ఏం తిన్నారు, ఏ చొక్కా తొడిగారు, తన పేరు ఎత్తారా అని ఒక్కొక్కటీ గుచ్చి గుచ్చి అడిగి చెప్పించుకుంది. పేరు ఎత్తారట.

ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని, "నీ మీద కోపం ఇంకా పోలేదు" అంది.

"నాకూ పోలేదు," అంది లోసా. "పళ్ళాలెక్కడ?"

నలుగురూ తిన్నారు. మాటలు పెద్దగా సాగలేదు. అన్నయ్యతో రుయిఫెన్ మళ్ళీ మాట్లాడటానికి మాత్రం చాలా నెలలు పట్టింది.